కాటా పక్కన ఉప్పు సంచి – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఒడిశాలోని రాయగడలో నేను చింతపండు, అడ్డాకు విస్తళ్ల పని మొదలుపెట్టి పదహారేళ్లు దాటింది. పోయిన నెల ఈ శీర్షికలో ఒక జవాబు చివర "నలుగురికీ మేలు చేసే వ్యాపారం ఉంటుంది, నేను చూశాను" అని రాశాను. ఆ ఒక్క మాట పట్టుకుని గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం నుంచే కాక అటు పార్వతీపురం నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. కొందరు ఆశతో రాశారు, కొందరు అనుమానంతో రాశారు. ఈసారి చోటంతా వాటికే.

ప్రశ్న: మా సంఘంలో 12 మంది ఆడవాళ్లం. అడ్డాకు ప్లేట్ల మిషను పెట్టాలనుకుంటున్నాం. ఆకు తెచ్చే సవర తెగ ఆడవాళ్లకు మంచి ధర ఇవ్వాలని మా కోరిక. మా ఆయనేమో "సేవ చేస్తే సేవ చెయ్యి, వ్యాపారం చేస్తే వ్యాపారం చెయ్యి, రెండు పడవల మీద కాళ్లు పెట్టకు" అంటున్నారు. ఆయన మాట నిజమేనా?
– పేరు రాయొద్దన్న సోదరి, గుణుపురం

జవాబు: అమ్మా, మీ ఆయన మాటని కొట్టిపారేయకండి, అందులో సగం నిజం ఉంది. ఆ సగం సంగతి తర్వాత చెప్తాను. వ్యాపారం వేరు, సేవ వేరు అని నేనూ చాలాకాలం అనుకున్నాను. అలా అనుకోబట్టే నా చేతుల మీదుగా ఒక పాపం జరిగింది.

2014 మార్చి. చింతపండు దిగే కాలం. చాటికొనలో బుధవారం సంత. నియమగిరి కొండల మీంచి డొంగ్రియా కోందు తెగ ఆడవాళ్లు తెల్లవారకముందే బయల్దేరి, బుట్టలు నెత్తిన పెట్టుకుని దిగుతారు. మా కొక్కెం కాటా చెట్టుకొమ్మకి వేలాడేసి తూస్తున్నాం. ఒకావిడ, యాభై ఏళ్లుంటాయేమో, ముక్కుకి మూడు పోగులు. తన బుట్ట తూకం అయిపోయింది. డబ్బు తీసుకోకుండా పక్కనే నిలబడింది. ఇరుగుపొరుగు అందరికీ కలిపి కొన్నట్టుంది, చేతిలో ఉప్పు సంచి ఉంది. కిలో పొట్లాలు పది, ఒక్కదానికీ సీలు విప్పలేదు. ఆ సంచి తెచ్చి మా కొక్కేనికి తగిలించింది. ముల్లు ఊగి ఊగి తొమ్మిది దగ్గర ఆగింది.

"ఉప్పు తగ్గిందా, కాటా తగ్గిందా?" అంది. ఒడియాలో అంది, గొంతు కూడా పెంచలేదు. చుట్టూ ఉన్నవాళ్లు మాటలాపేశారు.

కాటా పట్టే అబ్బాయిని తిట్టబోయాను. వాడు "తరుగు పోతుంది కదమ్మా, అందరూ చేసేదే కదా" అన్నాడు. తడి ఉందని, పుల్ల ఉందని, పెంకు ఉందని పదికి కిలో కోసెయ్యడం సంతలో అప్పటికి ఆనవాయితీ. నాకు తెలియకుండా జరిగిందని చెప్పుకుంటే మీరు నమ్ముతారేమో గానీ అది పూర్తి నిజం కాదు. తెలుసుకోవాలని నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజుకి మా పుస్తకంలో ఎక్కిన సరుకు 9 టన్నులు. అంటే నిజంగా వచ్చింది 10 టన్నులు. కిలో 20 రూపాయల లెక్కన టన్ను చింతపండు, 20,000 రూపాయలు, ఆ బుట్టల్లోంచి నేను ఊరికే తీసుకున్నాను. అదే ఏడు జనవరిలో ఒక హాస్టలు పిల్లలకి 15,000 రూపాయల నోటుపుస్తకాలు పంచి, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను. హాస్టల్లో ఉన్నది ఆ బుట్టలు మోసేవాళ్ల పిల్లలే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ముగ్గురం కూర్చుని పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశాం. పేరున్న ప్రతి మనిషికీ తొమ్మిది కిలోలకి ఒక కిలో చొప్పున లెక్కగట్టి తిరిగి ఇచ్చాం. నాలుగు బుధవారాలు పట్టింది. పేర్లు రాయకుండా కొన్న బుట్టల డబ్బు వాళ్ల ఊళ్లలో సభ పెట్టించి అందరి ముందూ పెట్టాం. ఆ ఉప్పు సంచి ఆవిడ తన డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని, రొంటిన దోపుకుని, "వచ్చే వారం కూడా చూస్తాను" అని వెళ్లిపోయింది. చూసింది కూడా. అప్పట్నుంచి మా కాటా పక్కన పది ఉప్పు పొట్లాల సంచి ఉంటుంది, ఎవరైనా తగిలించి చూసుకోవచ్చు. ఇప్పుడు కాటా ఎలక్ట్రానిక్‌ది, ఉప్పు సంచి మాత్రం అలాగే ఉంది.

అందుకే అంటున్నాను, లాభం వచ్చాక పంచే దానంలో మీరు చేసే మేలు వెతక్కండి. తూకంలో, డబ్బు చేతికిచ్చే రోజులో, ఆకు బాగాలేదని వెనక్కి తిప్పేటప్పుడు మాట్లాడే తీరులో ఉంటుంది అది. అవి సరిగ్గా ఉంటే మీరు వేరే సేవ చెయ్యకపోయినా ఫర్వాలేదు. అవి సరిగ్గా లేకపోతే ఎన్ని దుప్పట్లు పంచినా ఆ అప్పు తీరదు.

ఇక మీ ఆయన చెప్పిన సగం. 2011లో మూడు టన్నుల చింతపండు రేకుల షెడ్డులో ఉంచేశాను. ధర పెరుగుతుందని చూశాను. కోల్డ్ స్టోరేజిలో పెడితే అద్దె దండగ అనుకున్నాను. వానలు పడ్డాయి. ఎర్రగా మెరిసే పండు ఆషాఢానికి నల్లబడి, చేత్తో పట్టుకుంటే నీరు కారింది. సగం ధరకి పోయింది. దాంతో పిక్క తీసిన ఆడవాళ్లకి కూలి ఐదు వారాలు ఆలస్యం చేశాను. వాళ్లలో సగం మంది పాత షావుకారు దగ్గరకి తిరిగి వెళ్లిపోయారు. వాళ్లది తప్పు కాదు. వడ్డీ ఎక్కువైనా ఆయన డబ్బు అడిగిన రోజున ఇస్తాడు. మంచి మనసుతో వ్యాపారం సరిగ్గా చెయ్యకపోతే నష్టం మొదట పేదవాళ్ల ఇంటికే చేరుతుందని ఆ ఏడు నేర్చుకున్నాను. మీ ఆయన భయం ఇదే అయితే ఆయన్ని మీ లెక్కల పుస్తకం రాయడానికి పిలవండి.

మిషను కొనేముందు కొనేవాళ్లని వెతుక్కోండి. మాకు కార్తీక మాసం వనభోజనాలకీ, మాఘ, ఫాల్గుణాల పెళ్లిళ్లకీ సరుకు చాలదు. ఆషాఢంలో అడిగేవాడుండడు, పైగా బూజు. ఆ వానాకాలం ఎలా గడుస్తుందో ముందే కాగితం మీద వేసుకోండి. ఆకు తెచ్చేవాళ్లతో ఒక మాట ఖాయం చేసుకోండి: ఆకు కొయ్యాలి, తీగ నరక్కూడదు. అడ్డతీగ పెద్ద చెట్లకి అల్లుకుని పెరుగుతుంది. ఆకు కోస్తే మళ్లీ వేస్తుంది. చేతికందడం లేదని మొదలంటా నరికేస్తే ఆ చోట మీ వ్యాపారం అయిపోయినట్టే. లేతాకు తెస్తే తిట్టకండి, ఎందుకు వద్దో చూపించండి. ఎండబెడితే ముడుచుకుపోయే ఆకుని ఒకసారి కళ్లారా చూస్తే మళ్లీ తేరు.

ప్రశ్న: పేదలకి చిన్న అప్పులిచ్చే బ్యాంకు పెట్టిన యూనస్ గారి గురించి చదివాక నాకూ ఏదైనా చెయ్యాలనిపించింది. అడవి సరుకు ధరలు ఫోనులో చూపించే యాప్ తయారుచేస్తున్నాను. దళారుల్ని తీసేస్తే గిరిజనులకి పూర్తి ధర వస్తుంది కదా. సలహా ఇవ్వండి.
– ఇంజినీరింగ్ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: బాబూ, నీ వయసులో ఈ ఆలోచన రావడమే నాకు సంతోషం. కానీ ఒక్కమాట. ధర వాళ్లకి తెలుసు. ఏ సంతలో చింతపండు ఎంత పలికిందో నాకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. తెలిసినా తక్కువకే ఎందుకు ఇస్తారంటే, వానాకాలంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు బియ్యం ఇచ్చినవాడు, నడిరాత్రి బిడ్డకి జ్వరమొస్తే బండి కట్టించినవాడు ఆ కొనేవాడే. చెట్టు మీద కాయ పండకముందే అది అతనిదైపోయింది. నువ్వు అతన్ని తీసేస్తే ఆ బియ్యం ఎవరిస్తారు? బండి ఎవరు కట్టిస్తారు?

నువ్వు చదివిన యూనస్ గారు మొదట చూసిందీ ఇదే. 1976లో బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ దగ్గర జోబ్రా అనే ఊళ్లో వెదురు పీటలు అల్లే ఒక మనిషి, వెదురు కొనడానికి అప్పిచ్చినవాడికే, అతను చెప్పిన ధరకే పీటలు అమ్మేది. ఆయన 42 మందికి కలిపి 27 డాలర్లు ఇచ్చారు, అప్పుతో కట్టిన ముడి విడిపోయింది. అది 1983లో గ్రామీణ బ్యాంకు అయింది, 2006లో ఆ బ్యాంకుకీ ఆయనకీ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇంతవరకు నువ్వు చదివే ఉంటావు. మన పక్కనే ఆంధ్రలో 2010లో ఏమైందో కూడా చదువు. చిన్న అప్పుల కంపెనీలు ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులు ఇచ్చి, వారం వారం వసూలుకి ఇంటి ముందు కూర్చుని ఆడవాళ్లని నలుగురిలో నిలబెట్టారు. ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అక్కడా చిన్న అప్పే, ఇక్కడా చిన్న అప్పే. వసూలుకి వెళ్లే మనిషికి జీతం దేనికి పెరుగుతుందన్న దగ్గర తేడా వచ్చింది. నీ యాప్‌కి డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తుందో ముందు అది రాసుకో. కొనేవాడి దగ్గర నుంచి వస్తే, ఎప్పటికో ఒకప్పటికి అది కొనేవాడి యాప్ అవుతుంది.

నీది పర్లాకిమిడి కాబట్టి ఇంకో మాట. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్లో మాస్టారుగా ఉంటూ, సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో వాళ్ల పిల్లలకి బళ్లు పెట్టారు. ముందు భాష, తర్వాతే బడి. నువ్వూ ఓ ఆరు వారాలు సంతలో కాటా పక్కన కూర్చో. మాకు నిజంగా కావలసిందేంటో చెప్పనా? తూకం పడగానే ఎన్ని కిలోలో, ఎంత డబ్బో కోందుల భాష కువిలోనూ సవరలోనూ పైకి చదివి వినిపించే కాటా. మా కాగితాలు ఒడియాలో, మా లెక్కలు తెలుగులో, సరుకు తెచ్చేవాళ్ల మాట కువిలో. ఆ మూడింటి మధ్య జారిపోయే రూపాయి ఎప్పుడూ వాళ్లదే. అలాంటిది చేస్తే మొదటి రెండు కాటాలు నేనే కొంటాను.

ప్రశ్న: చింతపిక్కలు పారేస్తున్నాం. ఎవరైనా కొంటారా?
– బిస్సం కటక్ పాఠకురాలు

జవాబు: పారేయకండమ్మా! 100 కిలోల చింతకాయలో గుజ్జు 55 కిలోలు, పిక్క 34 కిలోలు, మిగిలింది పెంకూ పీచూ. అంటే మూడో వంతు చెత్తకుప్పలో పోస్తున్నారు. పిక్కపొడి బట్టల మిల్లుల్లో గంజికి పోతుంది. కడిగి, ఆరబెట్టి, మట్టి లేకుండా బస్తాకి ఎత్తండి. మేం ఆ డబ్బుని పిక్క తీసేవాళ్లకే దసరాకి పంచేస్తాం, వాళ్ల వేళ్ల మధ్య నుంచి వచ్చిందే కదా.

ప్రశ్న: నేను పెన్షన్ మీద బతికే టీచర్ని. 2 లక్షలు పక్కన పెట్టాను. దానం చెయ్యనా, ఇలాంటి వ్యాపారాల్లో పెట్టనా? డబ్బు తీసుకుని చేసేది సేవ ఎలా అవుతుందన్నది కూడా నా సందేహం.
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: మాస్టారూ, నమస్కారం. రెండో సందేహం ముందు. మదురైలో డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో, రిటైరయ్యాక, 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. డబ్బివ్వగలిగినవాళ్ల దగ్గర తీసుకున్నారు, ఇవ్వలేనివాళ్లకి ఊరికే చేశారు. ఆపరేషను ఇద్దరికీ ఒకటే. డబ్బు తీసుకోబట్టే ఆ ఆసుపత్రి చందాల కోసం ఎదురుచూడకుండా పెరిగింది. ముంబయిలో 1959లో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి ఒక మేడ మీద అప్పడాలు ఒత్తారు, అదే లిజ్జత్. వాళ్ల పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఒకటుంది. పిండి పట్టుకెళ్లి, అప్పడాలు ఒత్తి తెచ్చి అప్పగించగానే కూలి చేతికిస్తారు. ఒత్తే ప్రతి మనిషీ అందులో యజమానే.

ఇక మీ డబ్బు. 2 లక్షలూ ఒక్కచోట పెట్టకండి, మీ మందుల ఖర్చుకి ముందు తీసి పక్కన పెట్టుకోండి. వడ్డీ ఇంతిస్తాం అంతిస్తాం అని ఇంటికొచ్చేవాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వద్దు. మన ఒడిశాలో అలా పోగొట్టుకుని కుమిలిపోయినవాళ్లని మీరూ చూసే ఉంటారు. నిజంగా పనికొచ్చే సాయం ఒకటి చెప్తాను. మాలాంటి సంఘాలకి మాఘం నుంచి చైత్రం దాకా చేతిలో డబ్బు ఉండదు. సరుకు ఈ రోజు కొనాలి, అమ్మిన డబ్బు రెండు నెలలకి వస్తుంది. ఆ రెండు నెలల సందులోనే షావుకారు వస్తాడు. మీకు నమ్మకమైన, లెక్కలు చూపించే సంఘం ఒకటి మీ దగ్గర్లో ఉంటే, ఆ సందు పూడ్చడానికి ఒక 50,000 ఇచ్చి, ఏడాది తర్వాత వాళ్ల పుస్తకం చూడండి. సరుకు దిగిన రోజునే డబ్బిచ్చారా, ఎన్నిసార్లు ఆలస్యమైంది, అదొక్కటి అడగండి. లాభమెంతని తర్వాత అడగొచ్చు.

ప్రశ్న: అడ్డాకు ప్లేటుకి లోపల ప్లాస్టిక్ పొర వేస్తే పులుసు కారదు, ధర కూడా బాగా వస్తుందని మాకు మిషను అమ్మినాయన చెప్పాడు. వెయ్యమంటారా?
– పార్వతీపురం నుంచి ఒక యువకుడు

జవాబు: వద్దు నాయనా. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధం. జనం ఆకు వైపు వస్తున్నదే అందుకు. ఆకు మధ్యలో ప్లాస్టిక్ పెట్టి అమ్మితే, అమ్మింది ప్లాస్టిక్ ప్లేటే, ఆకు పైన పరిచావంతే. భోజనాలయ్యాక విస్తళ్లు పశువులకి వేస్తారు, ఆ పొర వాటి కడుపులోకి పోతుంది. రెండాకులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి బాగా వేడెక్కిన అచ్చులో నొక్కు. పులుసన్నం తిని లేచేవరకు ఆగుతుంది. అంతకంటే ఎక్కువసేపు ఆగాల్సిన అవసరం విస్తరికి లేదు.

ప్రశ్న: మీరు జీతం తీసుకుంటారా?
– పేరు, ఊరు రాయలేదు

జవాబు: తీసుకుంటాను. నెలకి 18,000 రూపాయలు. షెడ్డు గోడ మీద అందరి కూలితో పాటు అదీ రాసి ఉంటుంది. మొదటి నాలుగేళ్లు తీసుకోలేదు. అప్పుడు ఇల్లు మా ఆయన రైల్వే జీతం మీద నడిచింది. అది గొప్ప అనుకునేదాన్ని, కాదు. జీతం తీసుకోకుండా నడిపే పనిని నా తర్వాత ఇంకో అమ్మాయి అందుకోలేదు. ఆమెకి రైల్వే మొగుడు ఉండాలని రూలు పెట్టలేం కదా.

ప్రశ్న: సంఘంగా ఉండాలా, సొసైటీ చేసుకోవాలా, కంపెనీ పెట్టాలా? ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.
– మహిళా సంఘం కార్యదర్శి, జయపురం

జవాబు: పది మందితో చిన్నగా నడిచినంతకాలం సంఘం చాలు. బ్యాంకు లింకేజి మీద అప్పు దొరుకుతుంది, కాగితాల బాధ తక్కువ. సరుకు లారీల్లో వెళ్లే రోజొస్తే రెండు దారులున్నాయి. ఒడిశా సహకార సంఘాల చట్టం కింద సహకార సొసైటీ పెట్టుకోవచ్చు. లేదా ఉత్పత్తిదారుల కంపెనీ. 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. కనీసం పదిమంది ఉత్పత్తిదారులు, ఐదుగురు డైరెక్టర్లు ఉండాలి, వాటా ఎంత ఉన్నా మనిషికి ఒకటే ఓటు. బయటి డబ్బున్నవాడు వచ్చి కొనుక్కుపోలేడు, అందుకే నాకు అది ఇష్టం. కానీ ఏటా ఆడిటు, రిటర్నులు తప్పవు, మంచి అకౌంటెంటు దొరక్కపోతే జరిమానాలకే లాభం పోతుంది.

ఏదైనా సరే, కాగితం కంటే ముందు ఒక ప్రశ్నకి జవాబు రాసుకోండి: ఆకు తెచ్చే ఆవిడ మీ సభ్యురాలా, మీకు సరుకమ్మే మనిషా? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం చిన్న అడవి సరుకు ఏరుకుని, వాడుకుని, అమ్ముకునే హక్కు అక్కడ తరతరాలుగా ఉంటున్నవాళ్లది. హక్కు వాళ్లదైనప్పుడు మిగులులో వాటా వాళ్లకి ఎందుకు ఉండకూడదు? మేం ఆరేళ్లు పట్టించుకోలేదు. ఇప్పుడు మా 140 మంది సభ్యుల్లో 90 మంది కొండ మీంచి దిగేవాళ్లే. మీటింగులు పొడుగయ్యాయి, ప్రతి మాటా మూడు భాషల్లో చెప్పుకోవాలి. కిందటేడు కోల్డ్ స్టోరేజి అద్దె కట్టాలా వద్దా అని ఓటు పెడితే, అద్దె కట్టి తీరాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టింది కొండమీది వాళ్లే. పండు నల్లబడితే ఏమవుతుందో వాళ్లకి గుర్తుంది.

ప్రశ్న: మీ షెడ్డు చూడటానికి రావచ్చా? మా సంఘం నుంచి ఐదుగురం వస్తాం.
– రామనగుడ సోదరి

జవాబు: తప్పకుండా రండమ్మా. బుధవారం మాత్రం వద్దు, ఆ రోజు అందరం చాటికొన సంతలోనే ఉంటాం. శనివారం పొద్దున్న పది లోపు వస్తే కూలి లెక్కలు చదవడం చూడొచ్చు. ముందు కువిలో చదువుతాం, తర్వాత ఒడియాలో, ఆఖర్న తెలుగులో. గంటన్నర పడుతుంది, కాబట్టి తిరుగు బండి మధ్యాహ్నానికి చూసుకోండి. మీ ఊళ్లో వాడే కాటా మోసుకురాగలిగితే తెచ్చుకోండి, ఉప్పు సంచి ఇక్కడ ఉంది.